సోర్స్‌కి 2 మి.మీ. దూరంలో డోసు: ఈబీటీ3 ఫిల్మ్ చాలాకాలం వాడాక నా మాట

గుంటూరులో ఓ క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్టుగా చేస్తున్నాను. విజయవాడలో కొత్తగా బ్రాకీథెరపీ (రేడియేషన్ ఇచ్చే సోర్స్‌ని చికిత్స కావాల్సిన చోటికే పంపే పద్ధతి) మొదలుపెడుతున్న మిత్రులు ఈబీటీ3 రేడియోక్రోమిక్ ఫిల్మ్ (రేడియేషన్ తగిలితే రంగు మారే ఫిల్మ్) కొనాలా అని అడుగుతున్నారు. సోర్స్‌కి బాగా దగ్గర్లో డోసు (అక్కడ పడే రేడియేషన్ మోతాదు) చూడాల్సిన పని ఉంటే తప్పకుండా కొనండి. లేకపోతే ఉన్న అయనైజేషన్ ఛాంబర్ (డోసు కొలిచే మామూలు పరికరం) చాలు, ఇంత ఖర్చు అక్కర్లేదు.

ఎందుకంటున్నానో చెప్తా. యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశాక లోపల కండ పెరిగి నాళం మళ్ళీ మూసుకుపోతే, కాథెటర్‌లోంచి సోర్స్‌ని ఆ చోటికే పంపి గోడకి రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఉంది. అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది, తర్వాత మందు పూసిన స్టెంట్లు రావడంతో బాగా తగ్గింది, అయినా స్టెంట్ మళ్ళీ మళ్ళీ మూసుకుపోయే పేషెంట్లకి అక్కడ కొన్నిచోట్ల ఇప్పటికీ ఇస్తున్నారు. స్ట్రాన్షియం-90 బీటా సోర్స్‌తో అయితే నాళం సైజుని బట్టి 18.4 లేదా 23 గ్రే (డోసు కొలిచే యూనిట్), అదీ సోర్స్ మధ్య నుంచి 2 మి.మీ. దగ్గర. మా దగ్గర ఆ చికిత్స లేదు కానీ, దాని ఫిజిక్స్ విద్యార్థులకి అర్థం కావాలని మా ఇరీడియం-192 సోర్స్‌తోనే ఈ ఫిల్మ్ మీద చేసి చూపిస్తుంటాను.

మామూలు 0.6 సీసీ ఛాంబర్ లోపలి వ్యాసమే 6 మి.మీ. పైన ఉంటుంది, ఇక 2 మి.మీ. దగ్గర అది ఏం కొలుస్తుంది? బిందువు లాంటి సోర్స్ అనుకుని లెక్కేస్తే 2 నుంచి 2.5 మి.మీ.కి జరిగేసరికి డోసు 36 శాతం పడిపోతుంది, పదో వంతు మిల్లీమీటర్ జరిగినా 9 శాతం తేడా. నాళం మధ్యలో కాకుండా కాథెటర్ ఒక గోడకి ఆనుకుంటే ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ పడేది అందుకే. ఈబీటీ3లో పనిచేసే పొర 28 మైక్రాన్లే, రెండువైపులా 125 మైక్రాన్ల పాలిస్టర్. ఈ పడిపోవడం అంతా ఫిల్మ్ మీద రంగుగా కళ్ళకి కనిపిస్తుంది, డెవలప్ చేసే గొడవే లేదు. దీన్ని చూశాక పిల్లలకి దూరం వర్గానికి విలోమంగా డోసు తగ్గుతుందనే సూత్రం విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

ఇబ్బందులూ ఉన్నాయి. అంత దగ్గర్లో సోర్స్ కొన్ని సెకన్లు నిలబడితే చాలు బోలెడు డోసు, అది వచ్చేటప్పుడు వెళ్ళేటప్పుడు పడేది కూడా లెక్కలోకి వస్తుంది. 10 గ్రే దాటాక, ఫిల్మ్‌ని స్కాన్ చేసినప్పుడు వచ్చే ఎరుపు రంగు ఛానెల్ నమ్మకంగా ఉండదు, ఆకుపచ్చ ఛానెల్ చూడాలి, లేదా సమయం తగ్గించి ఇవ్వాలి. రంగు నిలకడగా రావడానికి ఒక రోజు ఆగాలి కాబట్టి పేషెంట్ టేబుల్ మీద ఉండగా జవాబు కావాలంటే ఇది పనికిరాదు. స్కానర్ మీద ఫిల్మ్‌ని ఎప్పుడూ ఒకే వైపు తిప్పి, మధ్యలోనే పెట్టండి, అంచులకి వెళ్తే రీడింగ్ మారుతుంది. ముందు నాలుగైదు ఖాళీ స్కాన్లు తీసి స్కానర్‌ని వేడెక్కనివ్వండి. కత్తిరించిన అంచు దగ్గర పొరలు విడిపోతాయి, నీళ్ళలో ఉంచితే అక్కణ్ణుంచే తేమ లోపలికి పోతుంది, అందుకే ముక్కని కాస్త పెద్దగా కత్తిరించుకోవాలి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. రోహిణి కార్తెలో ఒకసారి కొరియర్ వాళ్ళు పెట్టెని వ్యాన్‌లోనే ఉంచేసి ఆలస్యంగా ఇచ్చారు, రేడియేషన్ తగలని షీట్లే పాత పెట్టె కంటే ముదురుగా వచ్చాయి. అప్పట్నుంచి వేసవిలో ఆర్డర్ పెట్టడం మానేశాం. వచ్చిన వెంటనే ఏసీ గదిలో, చీకటి కవర్‌లో పెట్టేస్తాం.

పెట్టెకి 25 షీట్లు. లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మారితే కాలిబ్రేషన్ (ఎంత రంగుకి ఎంత డోసో సరిచూసుకోవడం) మళ్ళీ మొదట్నుంచి చేయాలి, దానికే చాలా షీట్లు పోతాయి. కాబట్టి గడువు తేదీ చూసి ఒకే లాట్‌వి రెండు పెట్టెలు కలిపి తెప్పించుకోండి.