ఈఎండీఆర్ థెరపీ తీసుకుని కొన్నేళ్లయింది: ఏది తగ్గింది, ఏది మిగిలింది

ఈఎండీఆర్, అంటే కళ్ల కదలికల సాయంతో భయపు జ్ఞాపకాల పట్టు తగ్గించే మానసిక చికిత్స, నా విషయంలో పనిచేసింది. అదే ముందు చెప్తున్నాను, ఎందుకంటే ఒక చేదు అనుభవం తర్వాత వదలని భయంతో ఇది చదివేవాళ్లకు చివరిదాకా ఆగే ఓపిక ఉండదని నాకు తెలుసు. ఫలితం ఇప్పటికీ నిలిచి ఉంది. కానీ ఇది తీసేసింది భయాన్ని. బాధను కాదు. ఈ రెండూ వేరని నాకు అర్థమవడానికే చాలా కాలం పట్టింది.

2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్‌లో, మా నాన్న ఇక్కడే విశాఖలో ఒక ఆసుపత్రిలో పోయారు. చివరి రాత్రి పీపీఈ కిట్ వేసుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె తగ్గేకొద్దీ బీప్ శబ్దపు శ్రుతి కూడా కిందికి దిగుతుంది. ఆ యంత్రాలను అలాగే తయారుచేస్తారట, నర్సు తెర వైపు చూడకపోయినా చెవికి తెలియాలని. తెల్లవారేదాకా నేను ఆ శబ్దమే విన్నాను.

కర్మకాండలన్నీ అయ్యాయి, ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టాను, అందరూ తేరుకున్నాననే అనుకున్నారు. ఒకరోజు సూపర్ మార్కెట్లో బిల్లు వేసే అమ్మాయి సబ్బుల ప్యాకెట్‌ని స్కానర్ ముందు పెట్టగానే బీప్ మని మోగింది. నా చేతులు చల్లబడిపోయాయి, గుండె దడదడలాడింది, గొంతు ఎవరో నొక్కినట్టయింది. సామాన్లు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత మైక్రోవేవ్ ప్లగ్ తీసేశాను. బిల్లింగ్ మెషీన్ లేని చిన్న కిరాణా కొట్టుకే వెళ్లేదాన్ని. మేముండేది మహారాణిపేటలో, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కి దగ్గర. పగలూ రాత్రీ అంబులెన్సులు తిరుగుతూనే ఉంటాయి. ప్రతి సైరన్‌కీ ఒళ్లంతా బిగుసుకుపోయేది. రాత్రిపూట ఫోన్ మోగితే చెప్పనే అక్కర్లేదు.

ఈసీజీ తీయించారు, థైరాయిడ్ చూశారు. అన్నీ నార్మల్. మా అత్తయ్యగారు ఎంతో ప్రేమగా "కాలమే మాన్పుతుందమ్మా" అనేవారు. ఏడాది గడిచినా మానలేదు. మొదట వెళ్లిన ఒక కౌన్సెలర్ ప్రతిసారీ పాజిటివ్‌గా ఆలోచించమనే చెప్పారు. బీప్ వినిపించినప్పుడు నేను ఆలోచించే స్థితిలోనే ఉండనని ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మానసిక వైద్యం అనగానే మన ఊళ్లో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తి వెటకారం చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట పడలేక ఎంతమంది ఆగిపోతున్నారో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. చివరికి మా ఆయన పట్టుబట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ నా మాటలన్నీ విని ఇది పీటీఎస్‌డీ అన్నారు, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసునీ ఒంటినీ వదలకుండా ఉండిపోయే భయం. నిద్రకు కొద్ది రోజులు మందు రాసి, ఈఎండీఆర్‌లో శిక్షణ పొందిన ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

పూర్తి పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. అమెరికన్ సైకాలజిస్టు ఫ్రాన్సీన్ షపీరో 1987లో ఒక పార్కులో నడుస్తుండగా, తన కళ్లు అటూ ఇటూ కదులుతున్నప్పుడు మనసును తొలిచే ఆలోచనల బిగువు తగ్గడం గమనించారు. దాన్నుంచే ఈ పద్ధతి తయారైంది, 1989లో మొదటి అధ్యయనం అచ్చయింది. పెద్దలకూ పిల్లలకూ పీటీఎస్‌డీ ఉంటే వాడదగ్గ చికిత్సల్లో ఇదొకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇదంతా నేను ముందే చదువుకుని వెళ్లాను. అయినా కళ్ల ముందు ఊపే వేలిని చూస్తే భయం పోవడమేమిటన్న అనుమానం లోపల ఉంది. ఆ మాట సైకాలజిస్టుతో అంటే, అనుమానంతోనే చేయొచ్చు, నమ్మాల్సిన పనేం లేదన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది.

మొదటి సెషన్లలో అసలు వేలు ఊపలేదు. ఇందులో ఎనిమిది దశలుంటాయి, ముందు రెండూ చరిత్ర తెలుసుకోవడం, సిద్ధం చేయడం. ఇంట్లో ఎవరెవరున్నారు, నిద్ర ఎలా ఉంది, చిన్నప్పుడు ఏమైనా పెద్ద దెబ్బలు తగిలాయా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా, అన్నీ అడిగారు. తర్వాత మనసుకు నెమ్మదినిచ్చే ఒక చోటు ఎంచుకోమన్నారు. వైజాగ్ వాళ్లు చాలామంది సముద్రమే చెప్తారట. నేను సింహాచలం మెట్ల దారి చెప్పాను. పొద్దున్నే ఎక్కుతుంటే చేతిలో సంపెంగల వాసన, పక్కన నాన్న. నాన్న ఉన్న జ్ఞాపకం వాడుకోవచ్చా అని అడిగితే, అది తలుచుకున్నప్పుడు ఒళ్లు తేలికపడుతుందా, బిగుస్తుందా చూసుకోమన్నారు. మొదట్లో తేలికపడి, కాసేపటికి బిగుసుకుంది. అందుకని ఒక్కదాన్నే ఎక్కుతున్నట్టు మార్చుకున్నాను. ఇంత చిన్న విషయానికి అంత సమయం ఇవ్వడం అప్పట్లో నాకు అర్థం కాలేదు. తర్వాతి సెషన్లలో ఊపిరాడనప్పుడల్లా తిరిగి వెళ్లింది ఆ మెట్ల దారికే.

తర్వాత అసలు జ్ఞాపకాన్ని ముందు పెట్టుకోవాలి. అన్నిటికంటే బాధపెట్టే దృశ్యం ఏది, దాన్ని చూస్తుంటే మీ గురించి మీకు ఏమనిపిస్తోంది, దాని బదులు ఏమనిపించాలని కోరుకుంటున్నారు, సున్నా నుంచి పది వరకు అంకెల్లో బాధ ఎంత, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? నా దృశ్యం ఆ మానిటర్. నాకనిపించే మాట "నేను నాన్నని కాపాడలేకపోయాను". బాధ తొమ్మిది. ఒంట్లో గొంతు దగ్గర. ఆ దృశ్యాన్ని మనసులో పట్టుకుని, సైకాలజిస్టు ఆవిడ నా కళ్ల ముందు కదిలించే వేళ్లను చూపుతో వెంబడించాలి. సుమారు అర నిమిషం. ఆపి, "ఊపిరి తీసుకోండమ్మా. ఇప్పుడేం వస్తోంది?" అని అడుగుతారు. ఒకటి రెండు మాటల్లో చెప్తే చాలు, మళ్లీ మొదలు. అరకు రైల్లో కిటికీ దగ్గర కూర్చున్నట్టు చూడండి, సొరంగాలొస్తాయి, వెలుతురొస్తుంది, ఏదొచ్చినా మీరు రైల్లోనే ఉన్నారు, అది వెనక్కి వెళ్లిపోతుంది అన్నారు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేకపోవడం నాకు పెద్ద ఊరట. మాటల్లో పెట్టలేకే కదా అంత కాలం లోపల దాచుకున్నది.

ఏ జ్ఞాపకం వెనక ఏది వస్తుందో ఊహించలేం. మానిటర్ నుంచి మొదలుపెడితే, నర్సు గ్లౌజుల మీద పెన్నుతో రాసుకున్న బెడ్ నంబరు వచ్చింది. అక్కడి నుంచి చిన్నప్పుడు నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ సైరన్ వినిపించింది. సైరన్ మోగిందంటే షిఫ్టు అయిపోయినట్టు, నాన్న ఇంటికొస్తున్నట్టు. నేను గుమ్మం దగ్గరికి పరిగెత్తేదాన్ని. కొన్నేళ్లుగా అది నాకు గుర్తే లేదు. ఆ రోజు ఏడ్చినంతగా నాన్న పోయిన రోజు కూడా ఏడవలేదు. తర్వాత ఒక సెషన్లో ఎవరూ నేర్పకుండానే నా నోట్లోంచి "నేను పక్కనే ఉన్నాను కదా" అన్న మాట వచ్చింది. మొదట్లో నేను కోరుకున్నది వేరే వాక్యం. ఇదే నిజమనిపించింది, దీన్నే తీసుకున్నాం. అప్పటికి తొమ్మిది రెండుకు దిగింది. చివరికి సున్నా కాలేదు, ఒకటి దగ్గర ఆగింది. సొంత తండ్రి చావు విషయంలో ఒకటి మిగలడం సహజమేనని ఆవిడ దాన్ని బలవంతంగా దించాలని చూడలేదు.

మెదడులో ఏం జరుగుతుందని అడిగాను. అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టి, మనం ఆలోచించేలోపే గుండెనీ ఊపిరినీ పరుగెత్తిస్తుంది. ఈ సంగతి ఎప్పుడు, ఎక్కడ జరిగిందన్న వివరాన్ని జ్ఞాపకంతో కట్టిపెట్టేది హిప్పోక్యాంపస్. తీవ్రమైన భయంలో ఆ కట్టు సరిగ్గా పడదు. అందుకే స్కానర్ బీప్ వినగానే నా ఒంటికి అది ఆ రాత్రి కాదని తెలియలేదు. ఇక కళ్ల కదలిక ఏం చేస్తుందన్న దానికి ఎక్కువమంది చెప్పే వివరణ ఇది: మనసు ఒకేసారి పట్టుకోగలిగిన పని కొంతే. దృశ్యాన్నీ, కదిలే వేలునీ రెండింటినీ పట్టుకోవాల్సి వస్తే దృశ్యం పదును తగ్గుతుంది, ఆ తగ్గిన పదునుతోనే మళ్లీ భద్రమవుతుంది. గుర్తు చేసుకున్న భయం కాసేపు మార్పుకు లొంగే స్థితిలో ఉంటుందని 2000లో మెదడు శాస్త్రవేత్తలు కరీం నాడర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకల మీద చూపించింది. మనుషుల్లో థెరపీకి ఇదే కారణమని మాత్రం తేలలేదు. అసలు కళ్ల కదలికలో ప్రత్యేకతేం లేదు, భయపడే జ్ఞాపకాన్ని సురక్షితంగా ఎదుర్కోవడమే పనిచేస్తుందనే పరిశోధకులు కూడా ఉన్నారు. ఆ మాట నాకు చెప్పింది మా సైకాలజిస్టే. తన పద్ధతి మీద ఉన్న విమర్శను తానే చెప్పిన మనిషి మీద నాకు నమ్మకం పెరిగింది.

త్వరగా ముగిసే థెరపీ అంటే తేలికైనదనుకోకండి. ఏళ్ల తరబడి సాగదు, నాకు కొన్ని నెలల్లో ముగిసింది, అంతే. కానీ సెషన్ అయ్యాక తల బరువెక్కేది, ఆ సాయంత్రం వంట చేసే శక్తి కూడా ఉండేది కాదు. కలలు విపరీతంగా వచ్చేవి. మానిటర్ జ్ఞాపకం మొదలుపెట్టిన వారం నా నిద్ర అంతకు ముందుకన్నా పాడైంది. మానేద్దామనిపించింది కూడా. ఇలా జరగొచ్చని సైకాలజిస్టు ముందే చెప్పి ఉండటం వల్లే మానకుండా కొనసాగించాను. సెషన్ రోజు వీలైతే సెలవు పెట్టుకోండి, బండి మీరు నడపకండి. మా ఆయన బయటే కూర్చుని నన్ను ఇంటికి తీసుకొచ్చేవారు, దారిలో ఒక్క ప్రశ్న కూడా వేసేవారు కాదు. ఆ తోడు లేకపోతే పూర్తి చేసేదాన్నా అన్నది అనుమానమే.

అప్పుడు నేర్చుకున్న వాటిలో రెండు ఇప్పటికీ చేస్తాను. ఒకటి, ఊపిరి తీసుకున్న దానికంటే వదలడానికి ఎక్కువ సేపు తీసుకోవడం. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. రెండోది సీతాకోకచిలుక ఆలింగనం: చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని కుడి, ఎడమ భుజాల దగ్గర ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా తట్టుకోవడం. మెక్సికోలోని అకపుల్కో తీరాన్ని 1997లో పౌలీన్ తుపాను దెబ్బతీసింది. ఆ బాధితుల మధ్య పనిచేస్తూ 1998లో థెరపిస్టు లూసినా ఆర్టిగాస్ దీన్ని రూపొందించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదికి వచ్చిన రోజు ఆ గాలి హోరు విన్నవాళ్లకు నేను వేరే చెప్పాలా? తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రుల్లో మా అమ్మాయి తనంతట తానే అలా తట్టుకుంటూ పడుకుంటుంది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. మా ఆయనకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. మంచం పక్కన అదే రకం మానిటర్. గదిలోకి అడుగుపెట్టగానే గుండె ఒకసారి గట్టిగా కొట్టుకుంది. కూర్చున్నాను. కాసేపటికి దాన్ని మామూలు యంత్రంలా చూడగలిగాను, అంకె ఏమిటో చదివి డాక్టరుకు చెప్పగలిగాను. సూపర్ మార్కెట్‌కి వెళ్తున్నాను, మైక్రోవేవ్ వాడుతున్నాను, సైరన్ వినిపిస్తే లోపల ఎవరున్నారో పాపం అనుకుంటున్నాను.

ఇక తగ్గనివి. నాన్న లేని లోటు అలాగే ఉంది, ఆబ్దికం దగ్గరికొస్తుంటే మే నెలంతా బరువుగానే ఉంటుంది. ఆసుపత్రి బిల్లుల విషయంలో తమ్ముడితో వచ్చిన మనస్పర్థను ఏ థెరపీ తీర్చలేదు, కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. మా పిన్ని కూతురు కూడా నా మాట విని వెళ్లింది. తనది ఒక్క రాత్రి దెబ్బ కాదు, ఏళ్ల తరబడి ఇంట్లో హింస. తనకు సిద్ధం చేసే దశే నెలలు పట్టింది, ఇంకా సాగుతోంది. ఒకే సంఘటన తర్వాత మొదలైన భయానికి ఇది త్వరగా పనిచేస్తుంది. చిన్నతనం నుంచి పేరుకున్న దానికి అదే వేగం ఆశించకూడదు.

వెళ్లేవాళ్లు సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా, ఈఎండీఆర్ శిక్షణ ఎక్కడ తీసుకున్నారు అని నేరుగా అడగండి. మంచివాళ్లు నొచ్చుకోరు. ఒక్క సిట్టింగ్‌లో మెదడును రీసెట్ చేస్తామనే ప్రకటనలు కనిపిస్తున్నాయి, వాటి జోలికి పోకండి. వెళ్లిన మొదటి రోజే మీ కథ వినకుండా వేలు ఊపడం మొదలుపెడితే లేచి వచ్చేయండి. వీడియో చూసి ఇంట్లో ఒక్కరే పెద్ద జ్ఞాపకాల మీద ప్రయత్నించడం కూడా వద్దు. నాకు సెషన్‌కు రూ.1,500 అయింది, అందరికీ అందేది కాదని ఒప్పుకుంటాను. శరీర జబ్బుల్లాగే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది. కానీ నా పాలసీలో ఆసుపత్రిలో చేరని చికిత్సకు డబ్బు రాలేదు. చేతిలో డబ్బు లేనివాళ్లు కేజీహెచ్‌లోగానీ చినవాల్తేరు ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ముందు డాక్టరుకు చూపించుకోవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రాత్రిపూట ఫోన్ మోగితే ఉలిక్కిపడటం మాత్రం నాలో ఇంకా పూర్తిగా పోలేదు. అప్పట్లో దాన్ని విడిగా తీసుకోలేదు, మానిటర్‌తో పాటే పోతుందనుకున్నాం. ఆ పని మళ్లీ మొదలుపెట్టడానికి వచ్చే నెల అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.