బఫర్ ట్యాంక్ వేడికి కంట్రోలర్: ఐదు చలికాలాలు వాడాక

మాది మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీ. ఇంటి నేల కింద గొట్టాలు ఉంటాయి, వాటిలో తిరిగే వేడి నీళ్లతోనే ఇల్లు వెచ్చబడుతుంది. కింద కాంక్రీటు మీద టైల్స్, పైన చెక్క నేల. బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్, దాని పక్కన 40 గ్యాలన్ల బఫర్ ట్యాంక్, అంటే బాయిలర్ వేడిచేసిన నీళ్లు నేల గొట్టాల్లోకి వెళ్లేముందు నిలవ ఉండే ట్యాంక్. స్నానాల నీళ్ల ట్యాంక్ వేరే, ఇక్కడ దాని సంగతి కాదు. 2020 నవంబరులో ఈ బఫర్ ట్యాంక్‌కి, బయటి చలిని బట్టి నీటి వేడిని మార్చే కంట్రోలర్ ఒకటి పెట్టించాను. ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తాయి, అన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. అందుకే పేరు చెప్పడం లేదు.

అంతకుముందు ఎలా ఉండేదంటే, మొదట బిగించినవాళ్లు ట్యాంక్‌ని 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి వెళ్లిపోయారు. అంటే 60 సెల్సియస్. ఇక్కడ నేను చెప్పే మిగతా డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. బయట మంచు పడుతున్నా, ఎండ కాస్తున్నా అదే 140. కింది నేలకి వెళ్లే నీళ్లలో చల్లటి నీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ ఉన్నా అదీ ఒకే అంకె దగ్గర బిగించి ఉండేది. అప్పట్లో అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంది. నేల మీద కూర్చుని వత్తులు చేసుకోవడం ఆవిడ అలవాటు. తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని వణికేది, పది దాటేసరికి లేచి సోఫా మీదికి మారేది. "నేల పెనంలా ఉందిరా, కాస్త ఆ కిటికీ తియ్యి" అనేది. కాంక్రీటు నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగానే చల్లారుతుంది. థర్మోస్టాట్ ఆగిపోయినా అప్పటికే తాగిన వేడిని గంటల తరబడి వదులుతూనే ఉంటుంది.

ఇప్పుడు కంట్రోలర్‌కి రెండు అంకెలు ఇచ్చాను. బయట 5 డిగ్రీలుంటే ట్యాంక్ 118, బయట 60 ఉంటే ట్యాంక్ 80. మధ్యలో ఎంత ఉండాలో అదే లెక్కేసుకుంటుంది. బయట 30 ఉన్న రోజున ట్యాంక్ 101 దగ్గర నిలుస్తుంది. 118 పైఅంతస్తు కోసం పెట్టిన అంకె. అక్కడ గొట్టాలు చెక్క కింద ఉన్నాయి కాబట్టి వాటికి ఎక్కువ వేడి నీళ్లు కావాలి. అయినా చెక్క పైభాగం 85 దాటకుండా చూసుకోవాలి.

మార్పు నాకు మొదట కనిపించింది బాయిలర్ కింద ఉన్న సన్న తెల్ల గొట్టంలో. మా బాయిలర్ పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా పట్టుకునే రకం. అలా జరగాలంటే దానికి తిరిగొచ్చే నీళ్లు సుమారు 130 కన్నా చల్లగా ఉండాలి. ట్యాంకే 140లో ఉన్నప్పుడు ఆ గొట్టం ఎండిపోయి ఉండేది. కంట్రోలర్ పెట్టిన మర్నాడు వెళ్లి చూస్తే దాని కొసన చుక్క కట్టి, జారి, మళ్లీ చుక్క కడుతోంది. అంతకుముందు ఆ వేడంతా చిమ్నీలోంచి పోతోందన్నమాట. చాలా బాధనిపించింది. ఒక హెచ్చరిక: పాత పోత ఇనుము బాయిలర్లు ఉన్నవాళ్లు ఇలా చేయకండి. తిరిగొచ్చే నీళ్లు చల్లగా ఉంటే అవి లోపల తుప్పు పట్టి పాడైపోతాయి.

తర్వాత డిఫరెన్షియల్, అంటే ట్యాంక్ నీళ్లు ఎన్ని డిగ్రీలు చల్లారాక బాయిలర్ మళ్లీ అంటుకోవాలో చెప్పే అంకె. దీన్ని చాలామంది పట్టించుకోరు. మా బాయిలర్ ఎంత తగ్గినా గంటకి 18,000 బీటీయూ ఇస్తుంది (ఒక పౌండు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించేంత వేడి ఒక బీటీయూ). పైన ఒక్క బెడ్‌రూమ్ అడిగేది 4,000. మిగతా 14,000 ట్యాంక్‌లోకే పోవాలి. 40 గ్యాలన్లంటే సుమారు 333 పౌండ్ల నీళ్లు, ఒక్కో డిగ్రీకి 333 బీటీయూ. మొదట డిఫరెన్షియల్ 4 పెట్టాను. బాయిలర్ ఆరు నిమిషాలు మండి, ఇరవై నిమిషాలు ఆగి, మళ్లీ అంటుకునేది. 10కి మార్చాక పద్నాలుగు నిమిషాలు మండి యాభై నిమిషాలు ఆగుతోంది. అంటుకోవడం సగానికి పైగా తగ్గింది, గదిలో మాత్రం తేడా ఏమీ తెలియలేదు.

ఇక సెన్సర్లు. నేను పడ్డ ఇబ్బందంతా వీటితోనే. బయటి సెన్సర్‌ని తూర్పు గోడకి కొట్టి వెళ్లారు. పొద్దున ఎండ తగలగానే అది 28ని 45గా చూపించేది, ట్యాంక్ చల్లబడిపోయేది, సరిగ్గా పిల్లలు స్కూలుకి తయారయ్యే వేళకి ఇల్లు చల్లగా ఉండేది. ఉత్తరం గోడకి మార్పించాకే కుదుటపడింది. ట్యాంక్ సెన్సర్‌ది ఇంకో గొడవ. దాన్ని దూర్చే రాగి గొట్టంలోకి సగమే తోశారు. అసలు వేడి కన్నా ఎనిమిది డిగ్రీలు తక్కువ చూపించేది, దాంతో నీళ్లు ఎప్పుడూ ఎక్కువే వేడెక్కేవి. బయటికొచ్చే గొట్టానికి థర్మామీటర్ కట్టి చూస్తే అప్పుడు దొరికింది. అడుగు దాకా తోసి, వేడి పట్టించే పేస్టు పూసి, క్లిప్ పెట్టాను. కంట్రోలర్ ఎంత ఖరీదైనదైనా ఈ రెండూ సరిగ్గా లేకపోతే దండగ.

2023 ఫిబ్రవరి 4న బాస్టన్‌లో మైనస్ 10కి పడిపోయింది, మా పెరట్లో మైనస్ 11. ఆ లెక్కన ట్యాంక్ 129కి పోవాలి. నేనేమో గరిష్ఠం 120 అని కట్టేశాను. పైగదులు 70 నుంచి 67కి దిగాయి. ఆ రాత్రి టెన్షన్‌తో మూడుసార్లు బేస్‌మెంట్‌కి దిగాను, కంట్రోలర్ పాడైందనుకుని. అది నేను పెట్టిన హద్దును పాటిస్తోందంతే. 130కి పెంచాను.

లోపాలు కూడా చెప్పాలి. తెర చిన్నది, మెనూలు కళ్లకి కష్టం, మొదటి రోజు మాన్యువల్ లేకుండా ఏమీ అర్థం కాదు. రాత్రిపూట వేడి తగ్గించే సదుపాయం ఉంది కానీ కాంక్రీటు నేలకి అది పనికిరాదు. ఐదు డిగ్రీలు తగ్గించి చూస్తే మళ్లీ వెచ్చబడేసరికి పదయింది. గ్యాస్ బిల్లు తగ్గిన మాట నిజం, కానీ ఏ ఏడాది చలి ఆ ఏడాదిది, అందుకే అంకె చెప్పను. బాయిలర్ బదులు హీట్ పంపు (కరెంటుతో బయటి వేడిని ఇంట్లోకి లాగే యంత్రం) ఉన్నవాళ్లకి దీని అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే నీటి వేడి ఎంత పెరిగితే దాని పనితనం అంత పడిపోతుంది.

పోయిన చలికాలం అమ్మ మళ్లీ వచ్చింది. రోజంతా నేల మీదే కూర్చుంది. కిటికీ మాట ఎత్తలేదు.

ట్యాంక్ మీద ఒక కాగితం అంటించాను: 5కి 118, 60కి 80, గరిష్ఠం 130, డిఫరెన్షియల్ 10, సెన్సర్ అడుగు దాకా. నేను ఊళ్లో లేనప్పుడు ప్లంబర్ వస్తే, ముందు అది చదివాకే చెయ్యి పెట్టమని ఇంట్లో చెప్పి ఉంచాను.