స్టెంట్ పూతకు పేటెంట్: పెద్ద క్లెయిమ్ మేలా, చిన్నదా?

గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే జాలీ గొట్టమే స్టెంట్. దాని మీద మందు వదిలే పాలిమర్ పూతల మీద పనిచేసేవాళ్లు పేటెంట్ దగ్గరికి వచ్చేసరికి అడిగేది దాదాపు ఒకటే. క్లెయిమ్, అంటే పేటెంట్‌లో 'ఇంతవరకు మాది' అని రాసుకునే హద్దు, దాని పరిధిని వీలైనంత పెంచి రాయించుకోవాలా, చేసి చూపించినంత మేరకే అడగాలా?

పెంచడానికి గట్టి కారణమే ఉంది. సిరోలిమస్ అని ఒక్క మందు పేరే రాసుకుంటే, దాని అణువులో ఒకచోట చిన్న మార్పు చేసిన ఎవరోలిమస్‌నో, జోటరోలిమస్‌నో పూసి పోటీ కంపెనీ దర్జాగా పక్కనుంచి వెళ్లిపోతుంది. అందుకే కంపెనీలు రాపామైసిన్ (సిరోలిమస్‌కే మరో పేరు) కుటుంబం మొత్తానికీ కంచె వేయాలని చూశాయి.

ఆ కంచె కోర్టులో నిలుస్తుందా అన్నదే నా దృష్టిలో అసలు విషయం. అమెరికాలో నిలవలేదు. 2011లో బోస్టన్ సైంటిఫిక్‌తో తగాదాలో జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంట్లు ఇలాగే పోయాయి. అనలాగ్‌లు, అంటే ఆ మందును పోలిన మార్పు అణువులు, కూడా మావే అన్నారు గానీ, వాటి గురించి పేటెంట్ పత్రంలో తగినంత వివరణ లేదని పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చేసింది. 2013లో వైయెత్ అనే మందుల కంపెనీ పేటెంట్లదీ అదే గతి, కారణం మాత్రం వేరు. క్లెయిమ్ కిందికి వచ్చే పదార్థాలు వేలకు వేలు. పత్రంలో చేసి చూపించింది సిరోలిమస్ ఒక్కటే. మిగతావాటిలో ఏది పనిచేస్తుందో తెలియాలంటే ఒక్కోదాన్నీ తయారుచేసి పరీక్షించాల్సిందే. ఆశ లావు, పీక సన్నం.

క్లెయిమ్‌లో పెద్ద మాట వాడినా పత్రంలోని వివరణ దాన్ని కుదించేయగలదు. బ్రూస్ సాఫ్రన్ అనే డాక్టర్ పేటెంట్ విషయంలో 2011లో జ్యూరీ జాన్సన్ అండ్ జాన్సన్ మీద 48.2 కోట్ల డాలర్లు వేసింది. అప్పీల్లో 2013లో అంతా పోయింది. క్లెయిమ్‌లో ఉన్నది 'పరికరం' అన్న మాటే, కానీ వివరణ నిండా ఉన్నది షీట్, అంటే ఖాళీల్లేని పలచని పొర. స్టెంట్ అంటే జాలీ. పూత ఉండేది లోహపు తీగల మీదే, మధ్యలోవి ఖాళీలు. అది షీట్ కాదు కాబట్టి ఉల్లంఘన లేదన్నారు. అదే పేటెంట్ మీద బోస్టన్ సైంటిఫిక్ 2009లోనే 5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. ఆగి ఉంటే ఆ డబ్బూ మిగిలేదేమో!

చిన్న క్లెయిమ్ వైపు చూస్తే యాంజియోటెక్ అనే కంపెనీ ఉంది. వాళ్ల పత్రంలోనూ మందుల జాబితా పెద్దదే. కానీ బ్రిటన్ కోర్టుల్లో నిలబెట్టుకోవాలని చూసింది టాక్సాల్ అనే ఒక్క మందు పూసిన స్టెంట్‌నే. కింది కోర్టులు రెండూ కాదన్నా, 2008లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ పేటెంట్ చెల్లుతుందంది.

వ్యాపార రహస్యంగా దాచుకోవడం మూడో దారి. స్టెంట్ కొని ల్యాబ్‌కు పంపితే పాలిమర్ ఏమిటో బయటపడుతుంది కాబట్టి, పూత పూసే పద్ధతికి తప్ప ఆ దారి గురించి ఆలోచించక్కర్లేదు.

నేనైతే చిన్నదానికే మొగ్గుతాను. పెద్దది కావాలనుకుంటే కింద మెట్లుమెట్లుగా చిన్న క్లెయిమ్‌లు పెట్టండి. ఏ పాలిమర్లు, ఏ పాళ్లలో, మందు ఎన్ని రోజుల్లో ఎంత వదిలాయో ఫలితాలు దరఖాస్తు వేసేనాటికే అందులో ఉండాలి. ఆ తర్వాత కొత్త సమాచారం చేర్చనివ్వరు.