ఫిష్ డోర్‌బెల్: ఆ ఒక్క బటన్ కోసం

ఫిష్ డోర్‌బెల్ గురించి రీల్స్‌లో చూసే ఉంటారు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో పడవలు దాటే కాలువ లాకు గేటు దగ్గర నీళ్లలో ఒక కెమెరా, చేప కనబడితే నొక్కడానికి మనకో బటన్. 2021లో మొదలైంది. ఏదో సరదా వెబ్‌సైట్ అనుకుని తెరిచినదాన్ని, కొన్ని వేసవులుగా వదల్లేకపోతున్నాను. కారణం ఆ బటనే. నొక్కితే ఫొటో అక్కడివాళ్లకు వెళ్తుంది, చేపలు బాగా పోగయ్యాయని తేలితే లాకు మనిషి గేటు తీస్తాడు. ఓటీపీ లేదు, యాప్ వేసుకోమని పోరు లేదు.

లాకులంటే బెజవాడ వాళ్లకు కొత్తేం కాదు, ఏలూరు లాకులు అని చెప్పి ఆటో ఎక్కే ఊరు మనది. యూట్రెక్ట్‌లో చిక్కేమిటంటే వసంతంలో పడవలు తక్కువ, గేటు తీసే పని పెద్దగా పడదు. సరిగ్గా అప్పుడే చేపలు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీళ్లు వెతుక్కుంటూ బయల్దేరతాయి. గేటు ముందు ఆగిపోయినవాటిని నీటికాకులు, పెద్ద చేపలు తినేస్తాయి. మన పులసకు ధవళేశ్వరం బ్యారేజీ అడ్డమైతే, అదే అదనుగా వలేసి పుస్తెలమ్మైనా కొనుక్కుంటాం. వాళ్లు గంట పెట్టారు!

పోయిన ఏప్రిల్లో ఒకరోజు తెల్లారగట్ల నాలుగింటికి పాలు స్టవ్ మీద పెట్టి, ట్యాబ్‌ని గోడకి ఆనించాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. మసక నీళ్లు, కొట్టుకుపోయే నాచు, అంతే. ఇంతలో తెర అంచున పొడుగాటి మూతి కనబడింది. పైక్, చిన్న చేపల్ని తినే వేటచేప. ఒళ్లు కదలదు, మొప్పలు మాత్రం మెల్లగా ఆడుతున్నాయి. దాని వెనక బ్రీమ్ చేపలు, పళ్లేల్లా వెడల్పుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. కాఫీకని వచ్చిన మావయ్యగారు అక్కడే నిలబడిపోయారు.

“ఏం చేపమ్మా అది, వాలుగా?”

“కాదు మావయ్యగారూ, పైక్ అంట.”

“పులుసుకి పనికొస్తుందా?” అన్నారు. అది నోరు తెరిచేసరికి ఆయనే, “గంట కొట్టమ్మా, గంట కొట్టు, అన్నిటినీ మింగేసేలా ఉంది” అని ఒకటే తొందర. వేలు పెట్టబోతుండగా కరెంటు పోయింది, దాంతోపాటు వైఫై. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టేలోపు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. పేజీ మళ్లీ తెరుచుకునేసరికి ఉత్త నీళ్లు. గేటు తీశారా, పైక్ పని కానిచ్చిందా? మావయ్యగారు రోజంతా నన్నే అడిగారు, లాకు సూపరింటెండెంట్‌ని నేనే అయినట్టు.

ఆ రోజు నొక్కి ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదేమో. బటన్ గురించి పైన అంత చెప్పాను గానీ, ప్రపంచమంతా కళ్లప్పగించి చూస్తుంటే ఒక్క చేపకి ఎందరు కొడతారో. మన గంటకే గేటు తీశారని చెప్పుకోవడానికి లేదు. చేపలు ఎక్కువగా తిరిగేది చీకటిపడ్డాకే, అంటే మనవాళ్లు గాఢనిద్రలో ఉన్నప్పుడు. పిల్లలకి పగలు చూపించబోతే “ఏదీ, ఏదీ?” అని రెండు నిమిషాల్లో లేచిపోయారు.

నాకు ఎలాగూ ఆ వేళకి మెలకువ వస్తుంది, ఇంట్లో వైఫై ఉంది కాబట్టి సరిపోయింది. రోజుకింత అని డేటా లెక్క చూసుకునేవాళ్లకి, నిద్ర ముఖ్యమనుకునేవాళ్లకి గట్టిగా చెప్పలేను. చూడాలనుకుంటే మాత్రం మార్చి నుంచి మే నెలాఖరులోపే చూడండి, తర్వాత సీజన్ అయిపోతుంది. పక్కన చేపల పులుసు ఇష్టపడే పెద్దవాళ్లెవరైనా ఉంటే ఇంకా బాగుంటుంది.