చీకో చేదు: సియెర్రా నెవాడా పేల్ ఏల్

శాక్రమెంటో నుంచి ఉత్తరంగా దాదాపు 145 కిలోమీటర్లు ప్రయాణిస్తే చీకో పట్టణం వస్తుంది. దారిపొడవునా బాదం తోటలు, వాటి నడుమ నీళ్లు నిలిపిన వరిమళ్లు కనిపిస్తాయి. కాలిఫోర్నియాలో వరి పండుతుందని తెలియని తెలుగువాడికి ఆ దృశ్యం ఒక్కసారిగా ఊరిని గుర్తుకు తెస్తుంది. మేము జూన్ నెలలో ఆ దారిన వెళ్లింది మాత్రం వరిమళ్ల కోసం కాదు, సియెర్రా నెవాడా బ్రూవరీని (బీరు కాచే కర్మాగారాన్ని) చూడటానికీ, పదేళ్లుగా ఇంట్లో తాగుతున్న వారి పేల్ ఏల్ అనే లేత రంగు బీరును అది తయారయ్యే చోటనే ఒకసారి రుచి చూడటానికీ. అమెరికా క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీలు సొంత పద్ధతిలో కాచే బీరు గురించి తెలుసుకోవాలనుకునే వారు ఎవరైనా నన్ను అడిగితే మొదట ఈ ఒక్క బీరునే చేతిలో పెడతాను. ఇంతకంటే ఘాటైనవీ, వింతైనవీ వందల కొద్దీ ఉన్నాయి గానీ, ఈ ఉద్యమం దేనికోసం మొదలైందో ఇంత స్పష్టంగా చెప్పే బీరు నాకు ఇంకొకటి కనబడలేదు.

గ్లాసులో వంచినప్పుడు ఇది పలుచని తేనె రంగులో ఉంటుంది. పైన తెల్లని నురగ చిక్కగా లేచి, తాగేకొద్దీ గ్లాసు గోడలకు అంటుకుంటూ దిగుతుంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసేది హాప్స్ పరిమళం; బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే తీగ పువ్వులే హాప్స్. అది పంపరపనస తొక్కను గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది, దాని వెనుక పైన్ చెట్టు జిగురు, కొద్దిపాటి పూల వాసన కూడా ఉంటాయి. నాలుక మీద మొదట మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ (మాల్ట్) తీపి తగులుతుంది. లేత బెల్లం పాకాన్ని తలపించే ఆ తీపి నిలవదు, వెంటనే చేదు వచ్చి దానిని తుడిచివేస్తుంది. ఈ చేదు కాకరకాయ చేదులా గొంతు పట్టుకునేది కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వులా మిగిలిన రుచుల మధ్య తన చోటు తెలిసి నిలిచేది. ఆల్కహాలు 5.6 శాతం, చేదును కొలిచే ఐబీయూ ప్రమాణంలో 38. అమెరికాలో విస్తారంగా అమ్ముడయ్యే లేత లాగర్లు (చల్లని చోట నెమ్మదిగా పులియబెట్టే బీర్లు) ఇదే ప్రమాణంలో పది చుట్టుపక్కల ఉంటాయని గుర్తుంచుకుంటే, 1981లో ఈ సీసాను మొదటిసారి తెరిచిన వారికి ఎటువంటి ఆశ్చర్యం కలిగి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ పరిమళానికి మూలం కాస్కేడ్ అనే హాప్స్ రకం. ఇంగ్లండుకు చెందిన ఫగుల్ రకాన్నీ, రష్యా మూలాలున్న సెరెబ్రియాంకా రకాన్నీ వంశవృక్షంలో కలిగిన ఈ మొక్కను అమెరికా వ్యవసాయ శాఖ ఒరెగాన్‌లోని కొర్వాలిస్ కేంద్రంలో అభివృద్ధి చేసి 1972లో విడుదల చేసింది. యూరప్ హాప్స్‌లోని సున్నితమైన మసాలా వాసనకు అలవాటు పడిన వారికి దీనిలోని నిమ్మజాతి ఘాటు మొరటుగా తోచింది. ఆ మొరటుతనాన్నే గుణంగా గుర్తించిన వారిలో సియెర్రా నెవాడా స్థాపకుడు కెన్ గ్రాస్‌మన్ ముఖ్యుడు. చీకోలో ఇంటి బీరు తయారీ సామగ్రి అమ్మే చిన్న దుకాణం నడిపే రోజుల్లో, పెద్ద వ్యాపారులు చిల్లరగా సరుకు ఇవ్వరు గనుక, ఆయన స్వయంగా వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయకు వెళ్లి, కొనుగోలుదారులకు నమూనాలుగా కోసి ఉంచే హాప్స్ దిమ్మలను తెచ్చుకునేవాడు. నేటికీ ఈ పేల్ ఏల్‌లో వాడేది పొడిచేసి గుళికలుగా నొక్కిన హాప్స్ కాదు, ఎండబెట్టిన నిండు పువ్వులే. నిల్వకూ రవాణాకూ గుళికలే చవక, సులువు. అయినా సంస్థ ఈ పద్ధతిని వదలలేదు. నేను ఈ బీరును గౌరవించడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఈ బీరే అన్నిటికంటే మొదటిదని చెప్పడం న్యాయం కాదు. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధం, ఆ తర్వాత పెద్ద సంస్థలు చిన్నవాటిని మింగివేయడం వల్ల 1970ల చివరికి అమెరికాలో వందకు లోపు బ్రూవరీలే మిగిలాయి. దేశమంతటా దాదాపు ఒకే రకం లేత లాగర్ ప్రవహించింది. 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ అనే యువకుడు మూతపడబోతున్న శాన్‌ఫ్రాన్సిస్కో యాంకర్ బ్రూవరీని కొని నిలబెట్టాడు. అక్కడే 1975లో కాస్కేడ్ హాప్స్‌తో లిబర్టీ ఏల్ తయారైంది. 1976లో జాక్ మెకాలిఫ్ సొనోమాలో న్యూ ఆల్బియన్ అనే చిన్న బ్రూవరీని దాదాపు తన చేతులతో కట్టాడు. అది కొద్ది సంవత్సరాలకే మూతపడినా, దానిని చూసిన వారిలో గ్రాస్‌మన్ కూడా ఉన్నాడు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడం దేశస్థాయిలో నేరం కాకుండా పోయింది. వంటింటి పొయ్యి మీద నేర్చిన విద్య బహిరంగంగా బతకడానికి దారి ఏర్పడింది.

గ్రాస్‌మన్, పాల్ కమూసీ కలిసి 1979లో సంస్థను ప్రారంభించినప్పుడు వారి దగ్గర డబ్బు లేదు. పాలకేంద్రాలు వదిలివేసిన తొట్లను, శీతలపానీయాల కర్మాగారం నుంచి వచ్చిన పాత యంత్రాలను కోసి, అతికి, బ్రూవరీగా మలిచారు. 1980 నవంబరులో మొదటి కాపు, అంటే మొదటి విడత కాచిన బీరు, దిగింది. పేల్ ఏల్ విషయంలో ప్రతిసారీ అదే రుచి వచ్చేదాకా తొలి కాపులను ఎన్నింటినో పారబోశారు. అప్పుచేసి పెట్టిన పెట్టుబడి కాలువలో కలిసిపోతున్నా రుచిలో రాజీపడని ఆ పట్టుదలే, నలభై ఏళ్ల తర్వాత కూడా ఏ సీసా తెరిచినా అదే పంపరపనస పరిమళం పలకరించడానికి కారణమని నా నమ్మకం.

ఇప్పటి బ్రూవరీలో అడుగుపెట్టగానే కనిపించేవి జర్మనీ నుంచి 1980లలో కొని తెచ్చిన రాగి కాగులు. పెళ్లివారి వంటశాలలో గంగాళాలను చూసి పెరిగిన నాకు, మెరుగుపెట్టిన ఆ పెద్ద రాగి పాత్రల ముందు చాలాసేపు నిలబడాలనిపించింది. ఉడుకుతున్న మాల్ట్ వాసన ఆవరణ అంతా పరుచుకుని ఉంది. రాగులు మొలకకట్టి, ఆరబెట్టి, వేయించిన రోజున మా అమ్మమ్మ ఇంట్లో వచ్చే వాసనకు అది దూరపు బంధువు. ట్యాప్‌రూమ్‌లో పీపా నుంచి నేరుగా పట్టి ఇచ్చిన గ్లాసులో పరిమళం ఇంట్లో తాగే సీసా కంటే స్పష్టంగా పదునుగా ఉంది, చేదు మాత్రం మరింత మృదువుగా తోచింది. తిరుగు ప్రయాణంలో కారు నడపవలసిన నా భార్య ఒక్క గుక్కతో ఆపింది; వెళ్లేవారు ఆ ఏర్పాటు ముందే చేసుకోవడం మంచిది.

ఇక్కడ తాజాదనం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ బీరు బాగాలేదని చెప్పే వారిలో చాలామంది పాతబడిన సీసాను తాగినవారే. హాప్స్ పరిమళం నిలవ ఉండేది కాదు. వేడి, గాలి, వెలుతురు మూడూ దానికి శత్రువులే. ఒకసారి మా ఊరి దుకాణం ఒకదానిలో ఎండ తగిలే కిటికీ పక్కన పేర్చిన సీసాలలో ఒక ఆరింటిని కొన్నాను. ఇంటికి వచ్చి తెరిస్తే పంపరపనస జాడ లేదు, తడిసిన అట్టముక్క వాసన, దాని వెనుక మొద్దుబారిన తీపి మాత్రమే మిగిలాయి. గోధుమరంగు గాజు వెలుతురును చాలావరకు ఆపుతుంది గానీ నెలల తరబడి పడే ఎండను ఆపలేదు. అందువల్ల నింపిన తేదీ చూసి, మూడు నెలలలోపు దానిని, అదీ చల్లని అరలో ఉన్నదానిని కొనండి. ఆరింటి ప్యాకెట్టు మా ప్రాంతంలో పది పన్నెండు డాలర్ల మధ్య దొరుకుతుంది. ఈ నాణ్యతకు అది సమంజసమైన ధర. ఫ్రిజ్ నుంచి తీసిన పది నిమిషాల తర్వాత గ్లాసులో పోసి తాగండి. హైదరాబాదు వేసవిలో లాగర్‌ను మంచుగడ్డలా చల్లగా తాగిన అలవాటు ఇక్కడ పనికిరాదు. అంత చల్లదనంలో సగం పరిమళం దాగిపోతుంది. సీసాలోనే మరికొంత పులిసేలా చేసే బీరు కనుక అడుగున పలుచగా ఈస్టు మడ్డి ఉంటుంది, అది కల్తీ కాదు.

మన వంటలతో జోడించేటప్పుడు కారం విషయంలో జాగ్రత్త అవసరం. హాప్స్ చేదు మిరపకారాన్ని పెంచుతుంది; మిరపకాయ బజ్జీలతో తాగినప్పుడు నాలుక మండడం తప్ప నాకు మరేమీ తెలియలేదు. అల్లం, జీలకర్ర తగిలే పునుగులు, నిమ్మరసం పిండిన ఉల్లిపాయ పల్లీలు, తక్కువ కారంతో వేయించిన చేప దీనికి చక్కగా కుదిరాయి.

రుచితో పాటు ఈ బీరు వెనుక ఉన్న సంస్కృతిని కూడా చెప్పకపోతే సమీక్ష అసంపూర్ణమవుతుంది. 2018 నవంబరు 8న మొదలైన క్యాంప్ ఫైర్ కార్చిచ్చు చీకోకు సమీపంలోని పారడైజ్ పట్టణాన్ని బూడిద చేసి 85 మందిని బలిగొన్నప్పుడు, సియెర్రా నెవాడా రెజిలియెన్స్ అనే ఐపీఏను (హాప్స్ ఎక్కువగా వేసి కాచే ఒక రకం ఏల్‌ను) రూపొందించి, దాని తయారీ విధానాన్ని దేశంలోని బ్రూవరీలన్నిటికీ ఇచ్చి, వచ్చిన సొమ్మంతా బాధితులకు చేరేలా కాయమని కోరింది. 1,400కు పైగా బ్రూవరీలు ముందుకొచ్చాయి. ఒకే మార్కెట్టులో పోటీపడే సంస్థలు ఒకే వంటకాన్ని ఒకే కారణం కోసం కాచిన ఈ ఘటనను తలచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. వందకు లోపున్న బ్రూవరీలు నేడు తొమ్మిది వేలు దాటాయి. అయితే కాలం అందరికీ కలిసిరాలేదు: యాంకర్ బ్రూవరీని నడుపుతున్న యాజమాన్యం 2023లో దానిని మూసివేసింది, 2024లో దేశంలో కొత్తగా తెరిచిన వాటి కంటే మూతపడిన బ్రూవరీలే ఎక్కువ. యువతరం అభిరుచి మబ్బుపట్టినట్లుండే తీపి ఐపీఏల వైపు మళ్లింది. సియెర్రా నెవాడా కూడా 2018లో హేజీ లిటిల్ థింగ్‌ను తెచ్చింది. దానిని నేను రెండుసార్లు తాగాను, పండ్లరసంలా హాయిగా ఉంది, కానీ మూడోసారి చేయి మళ్లీ పేల్ ఏల్ వైపే వెళ్లింది.

చీకోకు మళ్లీ నవంబరులో వెళ్లాలని నిశ్చయించుకున్నాము. ఆ ఏటి కోతలో మొదట చేతికొచ్చిన హాప్స్ పువ్వులతో కాచే సెలబ్రేషన్ ఏల్ ఆ రోజులలో పీపాల్లో ఉంటుంది. 1981 నుంచి ప్రతి శీతాకాలానికీ వస్తున్న ఆ 6.8 శాతం బీరును పేల్ ఏల్ పక్కన పెట్టి, ఒకే కాస్కేడ్ పువ్వు రెండింటిలో ఎలా మాట్లాడుతుందో చూడాలి. ఈసారి తిరుగు ప్రయాణంలో కారు నడిపే వంతు నాది, కనుక నాకు రెండు చిన్న గ్లాసుల నమూనాలే. మిగతాది ఐస్‌పెట్టెలో ఇంటికి వస్తుంది.