బోల్టన్ శివారు బ్రోమ్లీ క్రాస్‌లో బస

మాంచెస్టర్ చూడబోయేవారు సాధారణంగా నగరం నడిబొడ్డునే గది తీసుకుంటారు. పత్తి మిల్లుల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రం దానికి దగ్గరలోని బోల్టన్ పట్టణానికి ఉత్తరాన ఉన్న బ్రోమ్లీ క్రాస్‌లో దిగడమే మేలని నా అభిప్రాయం. మాంచెస్టర్ విక్టోరియా నుంచి బోల్టన్ మీదుగా బ్లాక్‌బర్న్ వైపు వెళ్లే రైలు ఇక్కడ ఆగుతుంది.

దీనికి ముందు స్టేషన్ హాల్ ఇత్ వుడ్. ఆ పేరుగల పాత ఇంట్లోనే, అద్దెకు తీసుకున్న భాగంలో ఉంటూ శామ్యూల్ క్రాంప్టన్ 1779లో స్పిన్నింగ్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రాన్ని తయారుచేశాడు. అంతవరకు భారతదేశం నుంచి వచ్చే మస్లిన్ వంటి పలుచని బట్టను ఈ లాంకషైర్ ప్రాంతంలోనే నేయడానికి కావలసిన సన్నని, గట్టి నూలు ఈ యంత్రంతోనే సాధ్యమైంది. పొందూరు నేత విలువ తెలిసిన మనం ఈ ఇంటిని తీరిక చేసుకుని చూడాలి. క్రాంప్టన్ పేటెంటు తీసుకోలేదు; చందాలు ఇస్తామన్న మిల్లుదారుల మాట నమ్మి యంత్రాన్ని వారికి చూపించగా, దక్కింది చాలా స్వల్పం. 1812లో పార్లమెంటు మంజూరు చేసిన 5,000 పౌండ్లు, ఆ యంత్రం వల్ల ఇతరులు గడించినదానితో పోలిస్తే, నాకు అన్యాయంగానే తోచాయి. ఈ ఇంటిని కొని 1900లో పట్టణానికి అప్పగించినవాడు సబ్బుల వ్యాపారి విలియం లీవర్. ఆయన బోల్టన్‌లోనే పుట్టాడు. మ్యూజియం తెరిచే రోజులు ముందే చూసుకోవడం అవసరం.

నేను ఒక పబ్బు మీది గదిలో దిగాను. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది, ఆతిథ్యానికీ లోటు లేదు. కానీ వంటగది త్వరగా మూసేస్తారు, శాకాహారులకు చిప్స్, సూప్ తప్ప మరేమీ దొరకలేదు. బోల్టన్‌లో గుజరాతీ కుటుంబాలు ఎంతోకాలంగా స్థిరపడి ఉన్నందున, రాత్రి భోజనానికి పట్టణంలోకి వెళ్లడమే నయమనిపించింది. పిల్లలతో వచ్చేవారు, ఖర్చు ఎక్కువైనా, పాత పొలం కట్టడాలను మార్చి నెలకొల్పిన లాస్ట్ డ్రాప్ విలేజ్ హోటల్‌ను పరిశీలించవచ్చు.

నడకకు జంబుల్స్ జలాశయం చాలా అనుకూలం. చుట్టూ ఉన్న దారి వానకు బురదవుతుంది కనుక మంచి బూట్లు ఉండాలి. ఓపిక ఉంటే అక్కడి నుంచి మధ్యయుగపు టర్టన్ టవర్ దాకా నడవవచ్చు. 1733లో కట్టిన బురుజు ఉన్న రివింగ్టన్ పైక్ కొండ మాత్రం బోల్టన్‌కు పశ్చిమాన, ఇక్కడికి దూరంగా ఉంటుంది. దానికి వేరుగా ఒక రోజు కేటాయించుకోవడం మంచిది.