గాలికొండ గాలికి 940 గ్రాముల టెంటు

ఈ టెంటు కొని మూడేళ్లయింది. రాసుకున్న లెక్క ప్రకారం ఇప్పటికి 64 రాత్రులు ఇందులో పడుకున్నాను. ఎక్కువ భాగం అనంతగిరి, అరకు, పాడేరు వైపు కొండల్లో, ఓ పది రాత్రులు భీమిలి దాటాక ఇసుకలో. ఒక్క మనిషికి సరిపోయేది. దీనికి సొంత కర్రలుండవు, నడిచేటప్పుడు చేత పట్టుకునే రెండు ట్రెక్కింగ్ పోల్సే స్తంభాలు. బయటి తొడుగు, లోపలి జాలీ గది కలిపి 810 గ్రాములు. మేకులు, తాళ్లు, సంచీతో సహా 940. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ నమూనా టెంట్లు చాలామంది చేస్తున్నారు. నేను చెప్పదలచుకున్నది ఆకారం గురించి, గుడ్డ గురించి, అన్నిటికన్నా ముఖ్యంగా మేకుల గురించి.

దీనికి ముందు నా దగ్గర ఫైబర్‌గ్లాస్ కర్రలు విల్లులా వంచి నిలబెట్టే డోమ్ టెంటు ఉండేది, రెండు కిలోల పైచిలుకు. ఒకసారి గాలికొండ దిగువన ఒక రైతునడిగి ఆయన చేను గట్టు మీద వేసుకున్నాను. పక్కింటి పెద్దాయన వచ్చి చూసి, "ఏటి బాబూ, ఈ గట్టు మీదేనా తొంగుంతావు? రేత్రికి గాలి తోలుతాది, కిందన ఏసుకో" అన్నాడు. నేను వినలేదు. రాత్రి రెండింటికి కర్ర చీలి గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చింది. తెల్లారేదాకా ఆ గుడ్డే చుట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఎక్కడ టెంటు వేసినా ముందు ఆ ఊరి మనిషిని ఒకరిని అడుగుతాను.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి, ఎదురుగా ఉన్న చదరపు మీటరు గోడని దాదాపు 8 కిలోల బరువుతో తోస్తుంది. 80కి అది 31 కిలోలు. సాయంత్రం నిక్షేపంగా నిలబడ్డ టెంటు అర్ధరాత్రి ఒక్క విసురుకి కూలేది ఇందుకే. నా టెంటు శిఖరం ఎత్తు 115 సెంటీమీటర్లు, నాలుగు వైపులా వాలు గోడలే కాబట్టి గాలి పైకి జారిపోతుంది. డోమ్‌లో సన్నటి గొట్టం వంగి నిలబడాలి. ఇక్కడ దానికి రెండింతల లావున్న పోల్ నిలువుగా ఆ బరువు మోస్తుంది. కర్ర విరుగుతుందేమోనన్న బెంగ నాకు పూర్తిగా పోయింది. ఆ బెంగ మేకుల మీదికి మారింది. డోమ్‌కి ఒక మేకు లేచిపోయినా నిలబడి ఉంటుంది. ఇందులో ఒక మూల లేస్తే మొత్తం ఒరిగిపోతుంది. కొనేవాళ్లు ముందే ఒప్పుకోవాల్సిన షరతు ఇది.

టెంటుతో వచ్చినవి ఒక్కోటి 6 గ్రాముల సన్నటి టైటానియం కడ్డీలు. వాన పడ్డాక మన ఎర్రమట్టిలో అవి గిర్రున తిరిగి తాడు వదిలేస్తాయి. ఎండాకాలం అదే నేలలో దిగనే దిగవు. కొండల పైన మరీ కష్టం: నాలుగు వేళ్ల మట్టి, దాని కింద ఖొండలైట్ రాయి. రెండో నెలలోనే వాటిని పక్కన పెట్టి, వై ఆకారపు 18 సెంటీమీటర్ల అల్యూమినియం మేకులు ఆరు కొన్నాను. ఒక్కోటి 14 గ్రాములు, అంటే ఆరింటికి 48 గ్రాములు అదనం. పైన చెప్పిన 940లో ఈ బరువు కూడా ఉంది. గ్రాములు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ఇంకెక్కడైనా తగ్గించండి, మేకుల దగ్గర మాత్రం వద్దు. మేకు దిగని చోట తాడు పొడవుగా వదిలి, చివరి ఉచ్చులో వేలంత లావు పుల్ల దూర్చి, ఆ పుల్లకీ టెంటుకీ మధ్య తాడు మీద పెద్ద బండ పెడతాను. గాలి లాగినకొద్దీ పుల్ల బండకి తన్నుకుని ఆగుతుంది. బండరాళ్లకి మన కొండల్లో కరువు లేదు. ఇసుకలో ఏ మేకూ నిలవదు. చిన్న గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మూర లోతున పాతెయ్యడమే.

ఇసుక అన్నాక ఇంకో సంగతి. భీమిలి దగ్గర పొద్దుపోయే వేళ గాలి సముద్రం మీంచి వస్తుంది కదా అని తలుపు కొండల వైపు పెట్టి పడుకున్నాను. తెల్లవారుజాముకి నేల చల్లబడి గాలి తిరిగింది. కొండగాలి నేరుగా తలుపులోకి కొట్టి, సంచీ నిండా ఇసుక పోసింది. తీరంలో వేసుకుంటే రెండు వైపులా తాళ్లు సమానంగా బిగించాలి, రెండు తలుపులూ మూసే పడుకోవాలి.

ఇక గుడ్డ. ఇది సిల్‌పాలీ, అంటే సిలికాన్ పట్టించిన పాలిస్టర్. అదే బరువులో నైలాన్ చిరుగుడుకి బాగా తట్టుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుంది. సాయంత్రం బిగించినది వానకి వదులై రాత్రంతా టపటప కొట్టుకుంటుంది, ఆ కుదుపులకే మేకులు ఊడతాయి. పాలిస్టర్ తడిసినా దాదాపు అలాగే ఉంటుంది. వానలో లేచి తాళ్లు బిగించాల్సిన అవసరం నాకు ఒకటి రెండుసార్లకు మించి రాలేదు. విశాఖవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. పాలీయూరిథేన్ పూత ఉన్న గుడ్డ మన ఉక్కపోతలో నిలవ ఉంటే ఆ పూత జిగురై, వాసనొచ్చి, పొరలుగా రాలిపోతుంది. నా పాత డోమ్ నేల గుడ్డ బీరువాలోనే అలా పాడైంది. రెండు వైపులా సిలికానే ఉన్న ఈ గుడ్డకి ఆ తెగులు పట్టలేదు. కాకపోతే సిలికాన్ మీద టేపు అంటదు. కుట్లన్నీ నేనే ఒక మధ్యాహ్నం మేడ మీద కూర్చుని సిలికాన్ సీలెంట్‌తో మూశాను.

గాలితో వాన కొట్టినప్పుడు తొడుగు అంచు కింది సందులోంచి తుంపర లోపలికొస్తుంది. పోల్స్ రెండూ అయిదు సెంటీమీటర్లు దించి మూలలు మళ్లీ బిగిస్తే అంచు నేలకి ఆనుతుంది. అప్పుడు లోపల ఆవిరి చేరి గోడలు తడుస్తాయి. జాలీ గది ఉంది కాబట్టి పక్క తడవదు. చలికాలం అరకు లోయ అడుగున వేస్తే గాలి లేకపోయినా మంచుకి గోడలు కారతాయి. వాలు మీద కాస్త పైన వేస్తే పొడిగా ఉంటుంది, చలి కూడా తక్కువే.

కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు గాలికి అడ్డుగా ఉంటాయని వాటి కింద వేయకండి. గట్టి గాలికి ఆ కొమ్మలు ఫెళ్లున విరిగి పడడం నేను చూశాను. అలాగే అక్టోబరు, నవంబరు నడకకి మంచి నెలలు, తుపాన్లవీ అవే నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని ఏం చేసిందో చూసినవాళ్లం. వాయుగుండం అన్న మాట వినబడితే నేను ఇల్లు కదలను.

పోల్స్ పట్టుకుని నడిచే అలవాటు లేనివాళ్లకి ఇది దండగ, పోల్స్ విడిగా కొంటే బరువు లాభం పోతుంది. రాతి చట్టుల మీద, సిమెంటు అరుగుల మీద వేసుకోవాలన్నా కష్టమే. మట్టి దొరికే చోట ఒంటరిగా నడిచేవాళ్లకైతే మాత్రం గట్టిగా చెబుతాను, తీసుకోండి.

మూడేళ్లలో చిరుగు ఒక్కటే, జీడితోటలో పుల్ల గుచ్చుకుని. సిలికాన్ సీలెంట్ రాసిన గుడ్డ ముక్క అతికించాను, ఇప్పటికీ ఊడలేదు. ఉప్పు గాలికి ఎడమ తలుపు జిప్పు రన్నర్ వదులైంది. పటకారుతో రెండుసార్లు నొక్కాను, ఇక పట్టేలా లేదు. కంచరపాలెంలో బ్యాగులు కుట్టే ఆయన కొత్త రన్నర్ వేస్తానన్నాడు, వచ్చే వారం ఇవ్వాలి.